ఆకులు రాలని శరత్తు

ఆశ్వయుజం మొదటి వారంలో మా మరిది కొడుకు నా ఫోనుకు ఒక ప్రకటన పంపించి, దాని కింద "పెద్దమ్మా, మన కొల్లేరు కూడా ప్రకటనలకు ఎక్కేసింది చూడు" అని రాశాడు. తెరిచి చూశాను. నీలంగా నిలిచిన నీరు, ఒడ్డున నిలువెల్లా ఎర్రబడిన చెట్లు, నీటిలో వాటి నీడలు, పైన బంగారు రంగు అక్షరాలతో 'కొల్లేటి ఆటమ్: ఒకరోజు విహారం' అని ఉంది. బొమ్మలోవి మేపుల్ చెట్లు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆకివీడు దగ్గర, కొల్లేటి అంచున ఉన్న ఒక బెల్టు గ్రామంలో. అటువంటి చెట్టును నేను మొదటిసారి చూసింది మాత్రం అరవై రెండో ఏట, అమెరికాలో మా అమ్మాయి ఇంటి ముందు.

మొదట నవ్వు వచ్చింది, తరువాత కోపం వచ్చింది, ఆ కోపం ఎందుకు వచ్చిందో తెలియక రెండు రోజులు ఆలోచనలో పడ్డాను. ఈ ఋతువులో కొల్లేటికి జనం రావాలని పదేళ్ళుగా అందరికీ చెబుతున్నదాన్ని నేనే. ఎవరో ఒకరు వాహనం మాట్లాడి, మనిషికింత అని ధర పెట్టి మనుషులను తీసుకువస్తుంటే సంతోషించవలసింది పోయి, ఒక బొమ్మను పట్టుకుని అలగడం చాదస్తమేనేమో అనిపించింది. కోనసీమను కేరళ అనీ, పాపికొండలను మరొకటనీ పొగిడినప్పుడు ఎన్నడూ నోరు మెదపని మనం, కొల్లేటికి అరువు బొమ్మ తగిలించగానే ఎందుకు ఉలిక్కిపడాలి? అయినా ఆలోచించినకొద్దీ ఇది బొమ్మతో పోయే తప్పు కాదనీ, ఆ తప్పులో నాకూ వాటా ఉందనీ తెలిసింది.

నేను చెప్పిన పాఠం

ముప్పై ఒక్క సంవత్సరాలు నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పాను. ఋతువుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద ఆటమ్ అని రాసి, ఎదురుగా శరదృతువు అనీ, దాని కింద ఆకురాలు కాలం అనీ రాసేదాన్ని. ఒక ఏడాది ఎనిమిదో తరగతిలో వెనక బల్ల మీద కూర్చునే పిల్లవాడు లేచి, "మరి మన బడి రావి చెట్టు దసరాకి పచ్చగానే ఉంటుంది కదండీ టీచరుగారూ, ఆకులు శివరాత్రికి కదండీ రాలేది" అన్నాడు. అది పరీక్షలో రాదు, కూర్చోమన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ మాట మాత్రం నాలో ఇప్పటికీ నిలబడే ఉంది.

వాడు చెప్పిందే నిజం. మన పంచాంగంలో ఆశ్వయుజ కార్తీకాలు శరత్తు, మాఘ ఫాల్గుణాలు శిశిరం. మన రావి, వేప ఆకు రాల్చేది శిశిరంలో. రాబోయే ఎండలకు నేలలో తడి తగ్గుతుంది కాబట్టి, ఆకుల ద్వారా నీరు పోగొట్టుకోకుండా చెట్టు ముందుగానే బరువు దించుకుంటుంది. చలిదేశపు చెట్టు ఆకు రాల్చడానికి కారణం వేరు. పగళ్ళు కురచబడి చలి ముదిరే వేళకు అది ఆకులోని పోషకాలను వెనక్కి లాక్కుంటుంది. పత్రహరితం విరిగిపోవడంతో వేసవి అంతా దాని చాటున దాగి ఉన్న పసుపు పైకి తేలుతుంది. మేపుల్ వంటి చెట్లలో కనిపించే ఎరుపు మాత్రం దాగి ఉన్నది కాదు, ఎండ కాసే పగళ్ళు, చల్లని రాత్రుళ్ళు కలిసివచ్చినప్పుడు ఆకు ఆ చివరి వారాల్లో కొత్తగా తయారు చేసుకునేది. అక్కడ చలికి జరిగేది ఇక్కడ ఎండకు, అదీ నాలుగు నెలల తేడాతో జరుగుతుంది. ఈ రెండింటినీ ఒకే మాటతో కట్టేసి మూడు తరాల పిల్లలకు అప్పగించాము. ప్రకటన రాసిన కుర్రవాడు అటువంటి పాఠం చదువుకున్నవాడే అయి ఉంటాడు.

మన శరత్తులో ఏముంటుందో తెలియాలంటే దూరం పోనక్కరలేదు. రాజమహేంద్రవరంలో భారతాన్ని తెలుగు చేస్తున్న నన్నయ కలం అరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయిందని చిన్నప్పుడు చదువుకున్నాము. ఆ పద్యంలో నక్షత్రాలున్నాయి, అప్పుడే విచ్చుకున్న కలువల వాసన మోసుకొచ్చే గాలి ఉంది, కర్పూరపు పొడిలా ఆకాశమంతా నిండిన వెన్నెల ఉంది. ఆకు ఒక్కటి కూడా లేదు. గోదావరి ఒడ్డున కూర్చున్న మనిషికి వాన వెలిసిన తరువాత కనిపించేవి, వినిపించేవి, ముక్కుకు తగిలేవి అవే. వేయేళ్ళ నాటి ఆ చూపు మన దగ్గర ఉండగా, కొల్లేటికి మేపుల్ ఆకు తగిలించడం ఒక్కటే నాకు మింగుడు పడనిది.

లోతున్న సరస్సు, లోతులేని సరస్సు

అంత మాత్రాన ఆ దేశపు శరత్తును తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. మా అమ్మాయి ఉండేది న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో. ఫింగర్ లేక్స్ అని పిలిచే పదకొండు పొడవాటి సన్నని సరస్సుల్లో ఒకటైన కయూగా దక్షిణపు కొసన ఆ ఊరు ఉంది. అక్టోబరులో నేను అక్కడ గడిపిన మూడు వారాలు మరిచిపోలేనివి. ఆపిల్ తోటకు వెళ్ళి సంచి నింపుకున్నాము, పొలంలో వరుసగా పేర్చిన గుమ్మడికాయల మధ్య మా అమ్మాయి కూతురు పరుగులు పెట్టింది, టఘానక్ జలపాతం ముందు నిలబడి తల వెనక్కి వాల్చి చూసి చూసి నా మెడ పట్టేసింది. కొండవాలు మీది ఎరుపు నీటిలో పడినప్పుడు మాట రాదన్నది నిజం. ఆ అందం ఆ నేలకు చెందినది కాబట్టే అంత నిండుగా ఉంది.

ఆ సరస్సుల గుట్టు వాటి లోతులో ఉంది. హిమానీనదాలు లోతుగా తొలిచిన తొట్ల వంటివి అవి. వాటిలో కెల్లా లోతైన సెనెకా సుమారు 188 మీటర్లు దిగుతుంది. వేసవి వేడిని అంత నీరు పట్టి ఉంచుకుని శరత్తులో నెమ్మదిగా వదులుతుంది కాబట్టే ఒడ్డు వాలుల మీద ద్రాక్షతోటలు చలికి తట్టుకుని నిలుస్తున్నాయి. అంటే అక్కడ సరస్సు ఋతువును తన కడుపులో దాచుకుంటుంది, ఒడ్డునున్న చెట్లు దానిని చూపిస్తాయి.

కొల్లేటిలో చాలాచోట్ల మనిషి నిలబడితే తల పైకే ఉంటుంది. లోతు లేని నీరు దేన్నీ దాచుకోలేదు, వస్తే పరుచుకుంటుంది, పోతే ముడుచుకుంటుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చి పోసిన వరదంతా ఇక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత, ఐదో కాంటూరు, వరకు లెక్కిస్తే 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకు ఎక్కినప్పుడు లెక్కలోకి వచ్చింది 901 చదరపు కిలోమీటర్లు. ఒకే చెరువుకు ఇన్ని కొలతలేమిటని మా అల్లుడుగారు ఒకసారి అడిగారు. నీటిమట్టం నాలుగైదు అడుగులు పెరిగితే ఊళ్ళు దాటి పరుచుకునే చెరువుకు ఒక్క కొలత ఎలా సరిపోతుంది? లంక గ్రామాల్లో చిన్నపిల్లలు కూడా కాంటూరు అనే మాటను కాలవ, గట్టు అన్నంత మామూలుగా వాడేది ఇందుకే.

అందువల్ల ఇక్కడ శరత్తును చూడవలసిన చోటు చెట్టు కొమ్మ కాదు, నీటి అంచు. ఎక్కిన నీరు వెనక్కి తగ్గడాన్ని మా ప్రాంతంలో 'నీరు తీయడం' అంటారు. శ్రావణ భాద్రపదాల్లో ఎక్కిన నీరు ఆశ్వయుజం చివర నుంచి, మధ్యలో తుఫాను రాకపోతే, తీయడం మొదలుపెడుతుంది. నిన్న మునిగి ఉన్న గట్టు ఈరోజు నల్లగా, జిగటగా బయటపడుతుంది. ఆ కొత్త బురద మీదికి కొంగలు వరుసకట్టి దిగుతాయి. కిక్కిస మొదళ్ళ మీద నీరు ఎంత ఎత్తున నిలిచిందో చెప్పే బురదచార మిగులుతుంది. వెనకటి రోజుల్లో ఆ చార దిగినకొద్దీ వెనకాలే రెండో పంట దాళ్వా నాట్లు వేసుకుంటూ చెరువు నడిబొడ్డు దాకా వెళ్ళేవారని మా నాన్నగారు చెప్పేవారు.

రంగుల మాటకు వస్తే అవీ లేకపోలేదు, కాకపోతే అవి చెట్టు మీద ఉండవు. కార్తీకం నాటికి డెల్టాలో తొలి పంట సార్వా చేలు పొట్ట విప్పి, పాలు పోసుకుని, గింజ బరువుకు వంగి, వారం వారానికీ రంగు మారతాయి. ఆకుపచ్చ లేతపసుపై, లేతపసుపు ముదిరి, ఆ చివర మన మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టిన రకానికి పెట్టిన పేరు, స్వర్ణ, సార్థకమయ్యే రంగు వస్తుంది. ఉండి నుంచి ఆకివీడు వచ్చే దారిలో, చేపల చెరువులు మింగగా మిగిలిన మడుల్లోనైనా సరే, సాయంత్రం నాలుగున్నరకు ఆ రంగును చూసినవారికి ఏ ప్రకటనా అక్కరలేదు. గోదావరి లంకల్లో దసరాకు రెల్లు తెల్లబడుతుంది. కొల్లేటి పక్షుల కేంద్రమైన ఆటపాకలో గూడు కట్టే కాలానికి ఎర్రకాళ్ళ కొంగల కాళ్ళూ ముఖమూ మరింత ఎర్రబడి, వెనక ఈకల గులాబీ రంగు తేరుతుంది. ఋతువును బట్టి రంగు మారడమే గొప్పయితే, మన దగ్గర ఆ పని పక్షులు చేస్తున్నాయి, అవి రాలిపోవు కూడా.

ఒంటిగంట పడవ

విమర్శించే ముందు చూడాలి కదా అని, మా మరిది కొడుకునూ కోడలినీ వాళ్ళ తొమ్మిదేళ్ళ అమ్మాయినీ వెంటబెట్టుకుని ఆ విహారానికి డబ్బు కట్టాను. పొద్దున ఏడింటికి బయలుదేరవలసిన వాహనం తొమ్మిదిన్నరకు కదిలింది. దారిలో రెండు చోట్ల ఫలహారం, ఒకచోట రొయ్యల చెరువు గట్టు మీద ఫోటోలు. ఆటపాక చేరి పడవ ఎక్కేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ చుర్రుమంటోంది. గూడబాతులు ఇనుప మంచెల మీద ముక్కులు రెక్కల్లో దాచుకుని కునుకుతున్నాయి. వాహనంలో వచ్చిన ఒకాయన పావుగంటకే "అంతేనాండీ?" అన్నారు. వెంట వచ్చిన మార్గదర్శి కుర్రవాడు ఏం చెప్పాలో తెలియక ఫోనులో పాట పెట్టాడు.

ఆ ఒక్క మాటకు సమాధానం చెప్పడం కోసమే ఈ వ్యాసం రాస్తున్నానేమో. ఆయన తప్పేమీ లేదు. ఎర్రని చెట్టును ఒంటిగంటకు చూసినా ఎర్రగానే ఉంటుంది. కలువ అలా కాదు. మన తెల్లకలువ రాత్రి విచ్చుకుని, పొద్దెక్కేసరికి ముడుచుకుపోతుంది. నన్నయ పద్యం రాత్రిది కావడం ఊరికేనా! పక్షులు మేతకు లేచేది తెల్లవారుజామున, తిరిగి వచ్చేది సందెవేళ. నీటి అంచు ఎంత వెనక్కి తీసిందో తెలియాలంటే నిన్న ఎక్కడ ఉందో చెప్పేవారు పక్కన ఉండాలి. ఆ రోజు మాకు అలా చెప్పింది పడవ నడిపిన పెద్దాయన ఒక్కడే. ఎవరూ అడగకుండానే గడ మీద తడి గుర్తు చూపించి, "జానెడు తీసిందండి టీచరుగారూ, పౌర్ణమికి ఇంకో మూరెడు తీస్తుందండి, గాలివాన రాకపోతే" అన్నాడు. మా మనవరాలు గడ మీద జానపెట్టి కొలిచింది. ఆ రోజంతటిలో కొల్లేటిని నిజంగా చూసింది అది ఒక్కతే అని నా అనుమానం.

అప్పుడు నాకు ఇథాకాలో ఒక ఉదయం గుర్తుకు వచ్చింది. మా అమ్మాయి కాఫీ తాగుతూ ఫోనులో ఏదో చదివి, "ఈ వారం మనవైపు సగం మారాయట అమ్మా, వచ్చే శనివారం వెళదాం" అంది. ఆ రాష్ట్రంలో శరత్తు పొడుగునా ప్రతి వారమూ ఏ ప్రాంతంలో ఆకులు ఎంతవరకు రంగు తిరిగాయో, ఏ రంగు ఎలా ఉందో కబురు వెలువడుతుంది. దానికి సమాచారం ఇచ్చేది జీతగాళ్ళు కాదు, ఆయా ఊళ్ళలో ఉండే మామూలు మనుషులు స్వచ్ఛందంగా చూసి చెబుతారు. అక్కడి నుంచి మనం తెచ్చుకోవలసినది ఏదైనా ఉంటే అది ఆ అలవాటు. మనవాళ్ళు బొమ్మను తెచ్చుకుని అలవాటును అక్కడే వదిలేశారు.

ఎదురుమాటలు

ఈ అభిప్రాయాన్ని మా వీధిలో చెప్పి చూశాను. ఎదురుగా వచ్చిన మాటలు తేలికవి కావు.

మొదటిది మా తోటికోడలు అన్నది. "నీకు పింఛను వస్తుంది కాబట్టి శరత్తు కనిపిస్తుందక్కా, కోతకు వచ్చిన చేను ఉన్నవాడికి గాలివాన కనిపిస్తుంది." దీనికి నా దగ్గర జవాబు లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుఫాను వచ్చింది సరిగ్గా ఈ ఋతువులోనే. పనల మీద ఉన్న చేను రెండు రోజులు నీటిలో నానితే గింజ మొలకెత్తుతుంది, ఆ మొలక ఆకుపచ్చగా ఎంత ముద్దుగా ఉన్నా రైతు దానివైపు చూడలేడు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరకు చేరింది కొల్లేటికే, లంక గ్రామాల వాళ్ళు రోజుల తరబడి పడవల మీద రాకపోకలు సాగించారు. అటువంటి చోటికి విహారం అంటూ వెళ్ళడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది. కాని నీరు ఎక్కడం, తీయడం ఏమిటో తెలియని వాళ్ళే కొల్లేటిని పనికిరాని బురదగుంట అనుకుంటారు. వరదకు ఇక్కడ చోటు లేకపోతే అది తమ వీధిలోకి వస్తుందని చూసి తెలుసుకున్న మనిషి అలా అనుకోడు. ఈ సమాధానంతో మా తోటికోడలు ఒప్పుకోలేదు. నేనూ పూర్తిగా ఒప్పుకున్నానని చెప్పలేను.

రెండవది, అసలు కొల్లేరు ఎక్కడుందన్న ప్రశ్న. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు చెరువు తిరిగి చెరువవుతుందని ఆశపడ్డవారిలో నేనూ ఉన్నాను. తరువాత గట్లు మళ్ళీ లేచాయి. గట్ల మధ్య నీరు ఋతువుతో పనిలేకుండా ఒకే మట్టాన నిలిచి ఉంటుంది. చేపకు కావలసింది అదే. ఆ చెరువులు నిలబెట్టిన ఇళ్ళు, చదివించిన పిల్లలు నాకు తెలుసు, నా దగ్గర చదివినవాళ్ళే. వాటిని ఒక్క మాటతో తిట్టడం నా వల్ల కాదు. కాని గట్టు కట్టిన నీటిలో శరత్తు లేదన్నది మాత్రం చెప్పి తీరాలి. నీరు తీసే చోటు మిగిలినంతవరకే ఆ ఋతువు మిగులుతుంది.

మూడవది జనం. కార్తీక వనభోజనాలే చూడండి. ఉసిరి చెట్టు నీడన నలుగురూ కలిసి తినడానికి పుట్టిన ఆచారం, ఇప్పుడు ఎవరి కులానికి వారు వేరే తోట మాట్లాడుకుని, మైకు పెట్టి, థర్మోకోల్ పళ్ళేలు కాలవలో కలిపి వచ్చే స్థితికి చేరింది. కొల్లేటికి జనం పెరిగితే ఆ పళ్ళేలు కొల్లేటికి వస్తాయి. వంద మందిని ఒంటిగంటకు దింపే వాహనం కన్నా, పది మందిని తెల్లవారకముందే దోనె దగ్గరికి నడిపించే మనిషి మేలన్నది నా లెక్క. డబ్బు తక్కువ వస్తుంది కదా అంటారు. వస్తుంది. కాకపోతే వచ్చిన ఆ కాస్తా గడ పట్టినవాడికే అందుతుంది.

ఇంకొక చిన్న మాట చెప్పి పోతాను. తినడానికి ఏమీ ఉండదని కూడా కొందరు అన్నారు, పులస కాలం వరదతోనే పోతుంది కాబట్టి. యానాం వైపు చీరమీను వచ్చేది తూర్పుగాలి తిరిగిన తరువాత, ఈ నెలల్లోనే. సగం ఇళ్ళలో నీచు ముట్టని కార్తీకంలోనే అది రావడం ఆ చేప చేసుకున్న పుణ్యమో, మనం చేసుకున్న పాపమో తేల్చలేదు ఎవరూ.

మొదటి కబురు

విహారం నుంచి వచ్చిన మూడో రోజున మా మనవరాలిని తీసుకుని తెల్లవారుజామున ఊరి చివర మురుగుకాలవ గట్టు మీదికి వెళ్ళాను. అక్కడి నుంచి కొల్లేటి అంచు కనిపిస్తుంది. ఎవరింట్లోనో ఆకాశదీపం ఇంకా వెలుగుతోంది. కిందటి రాత్రి పిల్లలు వదిలిన అరటిదొప్పల్లో రెండు, ఒత్తులు కొండెక్కి, తూటికాడలకు చిక్కుకుని ఉన్నాయి. మేము ఒక వెదురు కర్రకు అడుగుల గుర్తులు పెట్టి నీటిలో పాతాము. పక్కనే ఉన్న టీకొట్టు యజమాని, ఉప్మా ధర రాసుకునే నల్లబల్లలో సగం మాకు ఇస్తానన్నాడు. "ఏం రాస్తారండీ మరి?" అని అడిగాడు. చెప్పాను. "ఎవరికండీ అది?" అన్నాడు. వచ్చేవాళ్ళకి అన్నాను. "వస్తారంటారా?" అని నవ్వి, సుద్దముక్క చేతిలో పెట్టాడు.

రాసింది మా మనవరాలే. నేను పక్కన నిలబడి ఒత్తులు మాత్రం దిద్దాను.

"కార్తీక శుద్ధ దశమి. నీరు నిన్నటికన్నా రెండు వేళ్ళు తీసింది. తెల్లకలువలు పదకొండు, ఎనిమిదింటికి ముడుచుకున్నాయి. గూడబాతులు లెక్కపెట్టలేదు, మంచు పట్టింది. తూర్పు చేను పసుపు, పడమటి చేను ఇంకా పచ్చ. రేపు మళ్ళీ రాస్తాము."